పైన పెట్టిన నియమం

విశాఖపట్నంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తారకేశ్వరరావు అనే ఇంజనీరు ఉండేవాడు; తనను తప్ప లోకంలో అందరినీ అనుమానించేవాడు.

అతనూ, కొత్తగా చేరిన నూకరత్నమూ కలిసి ఒక ప్రోగ్రాం రాస్తున్నారు. కాలవల మీద పనిచేసే లస్కర్లు "కొత్తూరు గేటు ఎత్తు" అని టైపు చేస్తే గేటు లేవాలి. అందులో లెక్సర్ అనే భాగం వాక్యాన్ని ముక్కలు చేసి, ఏది పేరో ఏది ఆజ్ఞో చెబుతుంది. దానికి నియమాలు వరసగా రాసివ్వాలి. ఒకే ముక్కకు రెండు నియమాలు సరిపోతే పైనున్న దాని మాటే చెల్లుతుంది.

ఒక మంగళవారం, ఆ వారంలో మొదటిసారి నడిపి చూస్తే, ప్రోగ్రాం మొరాయించింది. ఏ వాక్యం ఇచ్చినా "ఇందులో ఆజ్ఞ లేదు" అంది. శుక్రవారం దాన్ని పెద్దలకు చూపించాలి.

సోమవారం ఊళ్ల పేర్లు చేర్చింది నూకరత్నం. ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాడు తారకేశ్వరరావు. ఆమె చేసిన మార్పులన్నీ తవ్వాడు. ఆమె టీకి వెళితే స్క్రీనులోకి తొంగిచూశాడు. లెక్సర్ ఏ ముక్కను ఏమనుకుంటోందో అచ్చు వేయించి చూద్దామని ఆమె అంటే, అదీ కళ్లుగప్పే ఎత్తేననుకున్నాడు. చివరికి మేనేజరు సుభద్ర గారి దగ్గరకెళ్లి, చెడగొట్టింది నూకరత్నమేనని చెప్పాడు. ఆమె ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ సాయంత్రమే తీసేశారు. నాకైతే ఇక్కడ ఒళ్లు మండుతుంది.

మర్నాడు ఆమె రాసినవన్నీ చెరిపేశాడు. ప్రోగ్రాం మళ్లీ అదే మాట అంది. అనుమానించడానికి ఇక ఎవరూ మిగల్లేదు. గత్యంతరం లేక ముక్కలు అచ్చు వేయించాడు. కొత్తూరు, పేరు. గేటు, పేరు. ఎత్తు, అదీ పేరే.

నియమాల ఫైలు తెరిచాడు. "అక్షరాల గుంపు ఏదైనా పేరే" అన్న నియమం అన్నిటికన్నా పైన కూర్చుంది. అది అతను రాసిందే. ఎవరైనా దాని పైన తమ నియమం పెట్టేస్తారేమోనన్న అనుమానంతో, ఆదివారం ఆఫీసుకొచ్చి తనే పైకి తెచ్చి పెట్టాడు. అందుకే ఆజ్ఞల నియమాల దాకా ఒక్క ముక్కా చేరలేదు. దాన్ని కిందికి దించితే నిమిషంలో ప్రోగ్రాం నడిచింది.

సిగ్గుతో చితికిపోయి సుభద్ర గారికి నిజం చెప్పాడు. ఆమె అనుమతితో నూకరత్నానికి ఫోన్ చేశాడు.

"తప్పు నాదేనమ్మా. మేడం ఒప్పుకున్నారు, వచ్చెయ్."

"వస్తాను సార్, ముందొకటి చెప్పండి. రేపు ఇంకోటి చెడితే ముందు ఎవరి వేపు చూస్తారు?"

అతను మళ్లీ "తప్పు నాదే" అనే అన్నాడు. ఆమె రాలేదు. ప్రోగ్రాంలో తప్పును అతను నిమిషంలో దిద్దాడు గానీ, ఆమెకు చేసిన తప్పును ఎన్నటికీ దిద్దలేకపోయాడు.

నీతి: తప్పు కనబడినప్పుడు ముందు మన పనినే అనుమానించాలి; నింద వేశాక నిజం తెలిసినా, పోయిన నమ్మకం తిరిగి రాదు.