జుబేదా కణాలు

ఆ ఉదయం జుబేదా చనిపోయింది. ఆమె భర్త, వైద్యం చేసిన డాక్టరు తిరుమలేశును ఒక్క మాటా అనలేదు. అతని రెండు చేతులూ పట్టుకుని కాసేపు నిలబడి, అంబులెన్సు ఎక్కి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది తిరుమలేశుకి.

ఆమె కర్నూలు డిపోలో కండక్టరు. వయసు ముప్పై నాలుగేళ్లు. ఉధృతమైన రక్త క్యాన్సరు. చావాల్సిన కణాలు చావకుండా పెరుగుతూనే ఉండే జబ్బు. వాటిని కాపాడే ప్రొటీన్‌ను ఒక మందు అడ్డుకుంటుంది, పెరగమని చెప్పే సంకేతాన్ని ఇంకో మందు ఆపుతుంది. విడివిడిగా ఇస్తే రెండూ ఓడిపోయాయి. కలిపి ఇస్తే కణాలు వాటంతటవే చచ్చిపోయాయి. అది కనిపెట్టడానికి తిరుమలేశుకు ఆరేళ్లు పట్టింది.

"ఈ రెండూ కలిస్తే ఇక తిరుగుండదమ్మా" అని ఆమెతో చెప్పాడు. గురువుగారు ఇందుమతి పక్కనే ఉన్నారు.

ఆ మందులతో మూడు నెలలు ఎముక మూలుగలో జబ్బు జాడ కనిపించలేదు. జుబేదా మళ్లీ డ్యూటీ ఎక్కింది. నాలుగో నెలలో జబ్బు తిరగబెట్టింది. పరిశోధనకు పనికొస్తుందంటే సంతకం పెట్టి, మూలుగ ఇచ్చింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికింది.

తిరుమలేశు ల్యాబ్‌కి వచ్చి ఇంక్యుబేటరు తెరిచాడు. ఆమె కణాలున్న సీసాను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. రెండు మందులూ కలిపిన ద్రవంలోనే గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నిన్నటికంటే ఎక్కువయ్యాయి.

కణాలను చంపేసే బ్లీచింగ్ ద్రావణం డబ్బా మూత తీశాడు.

ఇందుమతి వచ్చి తలుపు దగ్గర ఆగారు.

"ఆమె పోయింది మేడమ్. ఇవి బతికే ఉన్నాయి."

ఆవిడ లోపలికి వచ్చారు. చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, అతని ముందున్న సీసా తీసుకుని కూర్చున్నారు. పాత ద్రవాన్ని మెల్లగా పీల్చి తీసేసి, కొత్త పోషక ద్రవం పోశారు. నలభై ఏళ్లుగా చేస్తున్న పని.

"వీటికి తిండి పెట్టడం ఎందుకు మేడమ్?" అన్నాడు తిరుమలేశు.

"ఎలా తప్పించుకున్నాయో ఆమెకు తెలీదు నాయనా. నాకూ తెలీదు, నీకూ తెలీదు. వీటికే తెలుసు."

సీసాను లోపల పెట్టి, ఆవిడ వార్డుకి వెళ్లిపోయారు.

ఇంక్యుబేటరులో జుబేదా కణాలదే ఇంకో సీసా ఉంది. తిరుమలేశు దాన్ని బయటికి తీసి డబ్బా పక్కన పెట్టాడు. తర్వాత డబ్బాకి మూత బిగించి, గ్లౌజులు తొడుక్కుని, జుబేదాను చంపినవాటికి తన చేత్తో తిండి పెట్టాడు.