దర్జీ ఎరకయ్య పోల్చిన వీరుడు

కోనపురం కోటను ఏలే భైరవమల్లుడు రైతుల ధాన్యమంతా లాక్కునేవాడు. నల్లముసుగు, నల్లంగీ తొడుక్కున్న వీరుడొకడు కత్తి తిప్పుకుంటూ వచ్చి, ఆ ధాన్యాన్ని మళ్లీ రైతులకే పంచేవాడు. గోడ మీంచి గుర్రం మీదికి దూకబోయి రెండుసార్లు పేడకుప్పలో పడ్డాడు గానీ, ఎవరికీ చిక్కలేదు.

చివరికి ఆ ముసుగు కుట్టిన దర్జీ ఎరకయ్యను భటులు పట్టుకొచ్చారు.

"వాడెవడో చెప్పు. లేకపోతే నీ తల ఉండదు" అన్నాడు భైరవమల్లుడు.

ఎరకయ్య చేతులు జోడించాడు. ఆ వీరుడి వల్లే తన పిల్లలు రెండు పూటలా తింటున్నారు.

"కొలతలివ్వడానికి కూడా ముసుగులోనే వచ్చాడు దొరా. ముఖం చూడలేదు. ముసుగులో చూస్తే పోల్చుకుంటాను."

"అయితే ఊళ్లో అందరికీ కుట్టు!"

"తమ భటుల్లోనే ఉన్నాడేమో?"

"వాళ్లకూ కుట్టు!"

నెల తర్వాత కోట ముంగిట భటులతో సహా మూడు వందల మంది ముసుగులూ అంగీలూ వేసుకుని నిలబడ్డారు. ఎరకయ్య ఒక్కొక్కరినీ నిదానంగా చూశాడు.

"వీళ్లలో వాడెవడు?"

"అందరూ అచ్చం వాడిలాగే ఉన్నారు దొరా. తమరు మాత్రం కాదని ఒట్టేసి చెప్పగలను."

ముసుగుల వెనక నవ్వులు మొదలయ్యాయి.

"భటులారా, పట్టుకోండి వీణ్ణి!" అని భైరవమల్లుడు అరిచాడు. ఎవరూ కదల్లేదు. కదలని భటుడెవడో కనిపెట్టే దారి అతనికి లేదు.

ఆ పూట ధాన్యపుకొట్టు తలుపులు తీసిన వీరులు మూడు వందల మంది.