ఆగి కొన్న కంప్యూటర్

నృసింహం మాస్టారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. అందుకే విజయనగరంలో ఆయన అరుగు మీద చేరే శిష్యులు ప్రశ్నలు కాస్త ఆచితూచి అడుగుతారు. కొత్తగా చేరిన శశాంకకు ఆ జాగ్రత్త ఇంకా పట్టుబడలేదు.

శశాంకకు వేదాంతం ఎంత ఇష్టమో కంప్యూటర్ కబుర్లూ అంతే ఇష్టం. ఏ కంపెనీ ఏ చిప్పు తెస్తోంది, ఏ ఫోను వేడెక్కుతోంది, ఏది కొన్నవాడు నెత్తిన చెయ్యి పెట్టుకోవాలి, అన్నీ పొద్దున్నే కాఫీతో పాటు చదివేస్తాడు. చదివింది కడుపులో దాచుకునే రకం కాదు. ఎవరు ఏది కొంటామన్నా అతని తీర్పు ఒక్కటే: "ఇప్పుడు కొనకండి, కొత్తది వస్తోంది." కొత్తది ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కనుక ఈ తీర్పు మీద అప్పీలు లేదు.

ఎండాకాలంలో ఒకరోజు పక్కవీధి అలివేలు అరుగు దగ్గర ఆగి, పాట రికార్డు చేసుకోవడానికి ఏ కంప్యూటర్ మంచిదని అతన్ని అడిగింది. ఆమె తండ్రి కూర్మాచలం గారు పేరున్న హరిదాసు. ఆయన గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ తప్పదనీ, తరవాత మాట ఉండదనీ డాక్టర్లు చెప్పేశారు. దీపావళి దాకా ఫరవాలేదన్నారు. ఈలోగా ఆయన హరికథలన్నీ పట్టి ఉంచాలని కూతురి ఆరాటం. ఫోనులో పడితే రేకుడబ్బాలోంచి వచ్చినట్టుందని ఆయనకే నచ్చలేదు.

శశాంక ఎవరి పాటని అడగలేదు, ఎప్పటికని అడగలేదు. "ఆగండమ్మా, దసరాకి కొత్త చిప్పుతో వస్తోంది. దాని ముందు ఇవన్నీ చెత్త" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండానే.

ఆమె లోలోపల రోజులు లెక్కేసుకుని, సరేనని ఆగింది.

దసరా ముందు ఆదివారం శశాంక మాస్టారి దగ్గర ఒక ఫిర్యాదు పెట్టాడు. "నా మాట విని కొత్త ఫోను కొనలేదనీ, పాతది మధ్యలో చచ్చి ఊరుకుందనీ మా బావ నా మీద పడ్డాడు మాస్టారూ. ఊరికే అన్న మాటకి కూడా మనిషి బాధ్యుడేనా? నేనేమైనా చెయ్యి పట్టుకుని ఆపానా?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "కూర్మాచలం గారింటికి కొత్త కంప్యూటర్ వచ్చిందట. వెళ్లి అమర్చి రా" అన్నారు.

వెళ్లాడు. "మీరు చెప్పిందే బాబూ. మీరు చెప్పగానే బుక్ చేసేశాం, నిన్న వచ్చింది" అంది అలివేలు. శశాంక పొంగిపోయాడు. పెట్టె విప్పుతూ దాని గుణగణాలన్నీ ఏకరువు పెట్టాడు. కూర్మాచలం గారు మెడకు మఫ్లరు చుట్టుకుని, పడక్కుర్చీలో కూర్చుని, తలాడిస్తూ విన్నారు. వైర్లన్నీ కలిపాక శశాంక మైకు ఆయన ముందుకు జరిపాడు.

"తాతగారూ, ఒక్క ముక్క పాడండి. టెస్ట్ చేద్దాం."

అలివేలు వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. "ఆపరేషన్ అయిపోయింది బాబూ. శ్రావణంలోనే. గొంతులో పుండు ముదిరింది, ఇంక ఆగితే ప్రాణానికే ముప్పన్నారు" అని మెల్లిగా చెప్పింది. ఆ మాటలో నింద లేదు. ఉంటే శశాంకకు కొంత తేలికయ్యేది. అప్పుడే అతనికి సంగతంతా తెలిసింది, చెయ్యి మైకు మీదే ఉండిపోయింది. పెద్దాయన అతని ముఖం చూసి జాలిపడ్డారో ఏమో, చిడతలు అందుకుని మైకు ముందు ఒక వరస తాళం వేశారు. ఎక్కడా గరగర లేకుండా, కొయ్య మీద కొయ్య పడ్డ చప్పుడు కూడా విడివిడిగా తెలిసేలా రికార్డయింది.

శశాంక తిరిగొచ్చి అరుగు చివర కూర్చున్నాడు. మిగతా శిష్యులు లేచి వెళ్లిపోయాక మాస్టారి దగ్గరికి జరిగాడు. అతనికి ఏడుపొస్తోంది, అయినా వాదన మాత్రం వదల్లేకపోయాడు.

"కంప్యూటర్ చాలా మంచిది మాస్టారూ. నేను చెప్పింది తప్పు కాదు."

"కాదు నాయనా" అన్నారు మాస్టారు. "తప్పే అయితే నీకు ఎవరో ఒకరు ముందే చెప్పి ఉందురు. ఒప్పు కనుకే ఆ పిల్ల నమ్మి ఆగింది."