గుర్రంతో నిండిన గాదె

నూకాలుకు పదకొండేళ్లు. ఎవరేమడిగినా నెమరు వేయడం పూర్తయ్యాకే జవాబు చెబుతుంది.

నూకాలు గేదె. గుట్టకింద జట్టుకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంది. తాటిచెట్టుకు కట్టిన బుట్టలో బంతి వెయ్యడమంటే ఆ అడవిలో అందరికీ పిచ్చి. ఆ పిచ్చి ముదరకుండా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఏ జట్టయినా తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి ఒక్క గాదె మేతే పెట్టాలి, అంతకుమించి గడ్డిపోచ కూడా పెట్టకూడదు. ఇన్నేళ్లు మేపుతామని సభలో మాటిచ్చాక ఆటగాడు ఆడినా, పడుకున్నా మేపాల్సిందే. వదిలించుకోవాలంటే, గాదెలో ఇంకా ఎవరికీ మాటివ్వని చోటున్న మరో జట్టు అతణ్ణి పుచ్చుకోవాలి.

గుట్టకింద జట్టు కొన్నేళ్లుగా ఓడిపోవడంలో మాత్రం ఎవరికీ తీసిపోలేదు. పాత ఆటగాళ్ల గడువులు తీరిపోయాయి. మిగిలినవాళ్లంతా పడుచువాళ్లు. వాళ్లలో చిట్టి అనే మేక నిలుచున్న చోటి నుంచే ఎగిరి బుట్ట అంచు అందుకుంటుంది. ఇంకో మూడేళ్లు ఆ జట్టుకే ఆడాలి. ఆమెకు పెట్టేది మాత్రం గాదె అడుగున మిగిలిన పొట్టు. ఆడపిల్లలకు ఆకలి తక్కువని అధ్యక్షుడు కనిపెట్టాడు.

అధ్యక్షుడు కోడిపుంజు భూషణం. తెల్లవారడం తనవల్లేనని అతని నమ్మకం. జట్టు ఓడడం మాత్రం తనవల్ల కాదని అంతకన్నా గట్టి నమ్మకం.

ఒకరోజు ఆటగాళ్ల బేరాలు కుదిర్చే నక్క చలమయ్య వచ్చి ఖాళీ గాదెలోకి తొంగి చూసింది.

"అయ్యో భూషణం గారూ! ఇంత చోటు పెట్టుకుని ఊరుకున్నారా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"అదేనయ్యా, నాకూ తల కొట్టేసినట్టుంది. ఎవరున్నారు చేతిలో?"

"గుర్రం రాజశేఖరం. మూడేళ్లకు మాటివ్వండి. గాదెలో ముప్పాతిక ఇస్తే చాలు. ఇంకో మూడు జట్లు నా గుమ్మంలో కూర్చున్నాయి. మీమీద అభిమానం కొద్దీ ముందు ఇటొచ్చాను."

భూషణం మెడ సాగింది. "నూకాలూ, విన్నావుటమ్మా?"

నూకాలు నమిలింది. మింగింది. "అతని మోకాళ్లు వాచి ఉన్నాయండి."

"కిందటేడు మనమీద ఎలా ఆడాడో చూడలేదూ? బుట్ట మీద బుట్ట!"

"చూశాను. కిందటేడు అతను బాగా ఆడింది మనమీదే. మన జట్టులో చేరాక మనమీద ఆడడు కదా."

నక్క దగ్గింది. భూషణానికి అర్థం కాలేదు కాబట్టి కోపం వచ్చింది.

"మరి నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావు?"

"ముందు చిట్టికి కడుపునిండా పెట్టండి. మిగతా చోటు ఖాళీగా ఉంచండి. గొప్పవాళ్లను కొన్న జట్లకు త్వరలోనే గాదె చాలదు. తమకు పనికిరానివాణ్ణి పుచ్చుకోమని మన దగ్గరికే వస్తారు. పుచ్చుకుందాం. పుచ్చుకున్నందుకు వాళ్ల దగ్గర ఎదుగుతున్న పిల్లను కూడా ఇమ్మందాం. రెండు మూడేళ్లలో జట్టు నిలబడుతుంది."

"ఇంకొకడు వదిలించుకున్నవాణ్ణి మనం మేపాలా! విన్నావా చలమయ్యా, పెరటి తెలివంటే ఇదే."

"పోనిద్దురూ," అంది నక్క. "నూకాలు వదిన మంచి మనిషి. పాలిచ్చేవాళ్లకు పొదుపు ఎక్కువ."

మగగొంతు లేస్తే దాన్ని నాయకత్వం అంటారు. ఆడగొంతు లేస్తే నోరంటారు. నూకాలు గొంతు లేవనే లేదు. అయినా నోరనే అన్నారు.

గుర్రానికి పూలదండ వేసి, డప్పులతో ఊరేగించారు. ఊరేగింపు సగంలోనే గుర్రం కాస్త కూర్చుంటానంది. అందరూ అదీ ఒక ఠీవే అనుకున్నారు. నూకాలు మాత్రం తోక ఊపలేదు. ఆ నేరానికి మర్నాడే ఆమెను తీసేశారు.

చిట్టి పొలిమేర దాకా వెంట వచ్చింది. "నేనూ వస్తా పెద్దమ్మా. ఆ గుర్రం తినగా నాకింక పొట్టు కూడా మిగలదు. ఆకలితో ఎగరలేకపోతున్నా."

"ఇప్పుడు వస్తానంటే నిన్ను వదలరే. నువ్వు అడక్కు. వాళ్లే పంపిస్తారు."

ఏటిగట్టు జట్టు కూడా అప్పుడు నేలమట్టమై ఉంది. దాని అధ్యక్షురాలు అడవిపంది కోటమ్మ నూకాలును పనిలో పెట్టుకుని ఒకే మాట అడిగింది. "గాదె ఖాళీగా ఉందని ఊరంతా నవ్వుతోంది. ఏం చెప్పను?"

"నవ్వనివ్వండి. నవ్వుకు మేత అక్కర్లేదు."

ఏడాది ఇలా తిరిగింది. గుర్రం మొదటి ఆటలో జనానికి ముందుకాళ్లెత్తి దండం పెట్టింది. రెండో ఆటలో కుంటింది. మూడో ఆట నుంచి గాదె పక్కన పడుకుని తన పాత గెలుపుల గురించి చెబుతూ తినసాగింది. జనం రావడం మానేశారు. సరిగ్గా అప్పుడే నక్క చలమయ్య మళ్లీ వచ్చింది.

"భూషణం గారూ, మీ అదృష్టం! ఆంబోతు గజపతి దొరికాడు. కాకపోతే గాదెలో చోటు కావాలి."

భూషణం పరుగు పరుగున ఏటిగట్టుకు వచ్చాడు. "నూకాలమ్మా! పాతవన్నీ మనసులో పెట్టుకోకు. రాజశేఖరాన్ని పుచ్చుకో. ఎంత అనుభవం, ఎంత పేరు!"

నూకాలు నెమరు వేస్తూ కూర్చుంది. భూషణం ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతున్నాడు.

"ఇంకా రెండేళ్లు మేపాలి కదండీ."

"ఆఁ... అవుననుకో."

"పుచ్చుకుంటాం. అతనితోపాటు చిట్టినివ్వండి."

"చిట్టినా!" భూషణం పడిపడి నవ్వాడు. "ఇంకా ఏమడుగుతావో అని హడలిపోయానమ్మా. ఆ బక్కమేకనా? తీసుకుపో!"

సభలో గుర్రం మాటా, చిట్టి మాటా ఏటిగట్టు పేరుకు మార్చారు. ఆ రోజు చిట్టి ఏటిగట్టున కడుపునిండా తిని, తిన్నచోటే నిద్రపోయింది.

ఎండలు ముదిరేనాటికి రెండు జట్లూ ఎదురుపడ్డాయి. ఆంబోతు గజపతి చిట్టిని ఆపడానికి దూకిన ప్రతిసారీ తాటిచెట్టును ఢీకొట్టాడు. చిట్టి అతని వీపు మీంచే ఎగిరి బుట్టలో వేసింది. గుట్టకింద జట్టు చిత్తుగా ఓడింది. భూషణం పక్కవాళ్లతో, "ఆ పిల్ల మా దగ్గర పెరిగిందే!" అని గర్వంగా చెప్పుకుంటూ ఉండగా, గాదెలో మిగిలిన కాస్తా గజపతి ఖాళీ చేశాడు.

నీతి: ఖాళీ చోటు చూసి సిగ్గుపడేవాడు దాన్ని ఎదుటివాడి చెత్తతో నింపుకుంటాడు.

రాజశేఖరాన్ని నూకాలు ఆ రెండేళ్లూ మాట ప్రకారం మేపింది. ఒక్క ఆట కూడా ఆడనివ్వలేదు.