మూడుసార్లు చదివిన నేరం

కృష్ణ ఒడ్డున కొండ మీది విహారంలో బోధికుడంటే అందరికీ కాస్త భయం. సంఘ నియమాలన్నీ అతనికి కంఠతా వచ్చు. ఏ తప్పుకు ఏ శిక్షో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. అంతవరకు మంచిదే. కానీ అంత తెలిసినవాళ్ళకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదుటివాడు నోరు విప్పకముందే వాడి కడుపులో ఏముందో తమకు తెలిసిపోయిందనుకుంటారు.

ఆ ఉదయం అతను గురువు చందముఖ స్థవిరుడి దగ్గరికి విసవిసా నడిచి వచ్చాడు.

"భంతే, మందుల కొట్టులో తేనె కుండ పోయింది. ఖాళీ కుండ కణ్హుడి గదిలో గుడ్డలో చుట్టి ఉంది. నేనే చూశాను. తప్పు ఇంత తేటగా కనిపిస్తుంటే ఇంక విచారణ దేనికి?"

కణ్హుడు నిరుటి వానాకాలంలో కాషాయం కట్టినవాడు. నల్లమల అడవిలో తేనె తీసి బతికే గూడెంలో పుట్టాడు. తేనె గూడెం వాడు తేనె దొంగిలించక మరేం దొంగిలిస్తాడని బోధికుడు పైకి అనలేదు గానీ, మనసులో ఉన్నది అదే.

చందముఖుడు విసనకర్ర కింద పెట్టాడు.

"నియమం ప్రకారం జరిపించు," అన్నాడు.

నియమం చిన్నదేమీ కాదు. దొంగతనం రుజువైతే కాషాయం విప్పించి కొండ దింపేస్తారు. తల నరికిన తాటిచెట్టు మళ్ళీ చిగురించదు, అలాగే వెలివేసిన భిక్షువుకు మళ్ళీ ఈ గడప లేదు. గూడెం కాదనుకుని వచ్చినవాణ్ణి గూడెమూ చేరనివ్వదు. కణ్హుడికి ఈ భూమ్మీద ఉన్న చోటల్లా ఆ చిన్న రాతి గదే.

మధ్యాహ్నం సంఘమంతా సభామండపంలో కూడింది. విహారానికి పెద్ద గనక చందముఖుడు ఎత్తయిన పీఠం మీద కూర్చున్నాడు. కణ్హుణ్ణి మధ్యలో నేల మీద కూర్చోబెట్టారు. బోధికుడు లేచి నిలబడి పాళిలో నేరం చదవడం మొదలుపెట్టాడు. గంభీరమైన గొంతు. ఒక్క అక్షరం తొణకలేదు.

సంఘంలో ఒక ఆచారం ఉంది. ఏ మాటనైనా సభలో మూడుసార్లు చదువుతారు. ఒప్పుకున్నవాళ్ళు మౌనంగా ఉండాలి, ఒప్పుకోనివాళ్ళు నోరు తెరవాలి. మూడోసారి తర్వాత కూడా అందరూ మౌనంగా ఉంటే ఇక ఆ మాటకు తిరుగులేదు.

ఒకసారి చదివాడు. కణ్హుడు రెండు చేతులూ జోడించి తల వంచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అనుకున్నాడు బోధికుడు. రెండోసారి చదివాడు. కణ్హుడి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అదిగో పశ్చాత్తాపం, అనుకున్నారు మిగతావాళ్ళు.

మూడోసారి మొదలుపెట్టబోతుంటే పీఠం మీద అలికిడైంది. చందముఖుడు కర్ర ఊతంగా లేచాడు. మెట్లు దిగి వచ్చి కణ్హుడి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన కూడా చేతులు జోడించి తల వంచాడు.

బోధికుడు కంగారుపడ్డాడు.

"భంతే, అది నేరం పడ్డవాళ్ళు కూర్చునే చోటు."

"తెలుసు. చదువు."

చదివాడు. ఈసారి గొంతు కాస్త వణికింది. మండపంలో ఎవరూ కదల్లేదు. చందముఖుడు పెదవి విప్పలేదు.

నియమం ప్రకారం ఇక తీర్పు చెప్పాలి. చెబితే తన గురువు కూడా దొంగ అవుతాడు. బోధికుడు గురువు వైపు వంగాడు.

"మీరు... మౌనంగా ఉన్నారు భంతే."

"ఇతనూ ఉన్నాడు."

"మీ మౌనం వేరు!"

"ఇతనిది ఏదో నీకు తెలుసా?"

చందముఖుడు పక్కకు తిరిగి, ఊళ్ళో మాట్లాడుకునే తెలుగులో మెల్లగా అడిగాడు.

"కణ్హా, ఇక్కడ ఏం జరుగుతోంది నాయనా?"

కణ్హుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"నాగబుద్ధి సామి మొన్న పోయారు గదా. ఆయన కోసం పాఠం చదువుతున్నారు. నాకు ఆ బాస రాదు సామీ. అందుకే దణ్ణం పెట్టుకుని కూచున్నా."

మండపం మొత్తం బిగుసుకుపోయింది. నాగబుద్ధి స్థవిరుడు ఏళ్ళ తరబడి మందుల కొట్టు చూసుకున్న పెద్దాయన. జ్వరంతో పోయాడు.

"కొట్టులో తేనె..." బోధికుడు తెలుగు మాటల కోసం వెతుక్కున్నాడు. "నువ్వు తీశావా?"

"తీశా సామీ."

కొందరు ఊపిరి గట్టిగా వదిలారు. అంతకుముందు రోజైతే బోధికుడు అక్కడితో ఆగిపోయేవాడే.

"ఎందుకు?"

"నాగబుద్ధి సామే తెమ్మన్నారు. గొంతు ఎండిపోతోంది, తేనె తేరా అన్నారు. పట్టించా."

"మరి కుండ ఎందుకు దాచుకున్నావు?"

"దాచలేదు. ఆయన ఆఖరికి నోరు పెట్టిన కుండ. పారెయ్యబుద్ధి కాలేదు."

వెనక వరసలోంచి సంఘిలుడనే భిక్షువు లేచాడు. పెద్దాయన శవానికి స్నానం చేయించింది అతనే.

"గడ్డానికి తేనె అంటుకుని ఉంది," అన్నాడు. "చీమలు పడితే దులిపాను. ఇందాకటి నుంచీ అదే గుర్తొస్తోంది."

"మరి ముందే చెప్పలేదేం?" అన్నాడు బోధికుడు.

"నన్నెవరూ అడగలేదు."

కొట్టు చూసే పెద్దాయనే తెమ్మన్నప్పుడు అది దొంగతనం ఎలా అవుతుంది? నేరం కొట్టేశారు. కణ్హుడికి తన మీద ఏం పడబోయిందో అప్పటికి అర్థమైంది. ఒంటి మీది కాషాయాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బయటికి నడిచాడు. దారి ఇస్తూ ఎవరూ అతని ముఖంలోకి చూడలేకపోయారు.

మండపం ఖాళీ అయినా చందముఖుడు మాత్రం నేల మీదే ఉన్నాడు. బోధికుడు చేయి అందించాడు.

"లేవండి భంతే."

"ఎలా లేవను? నా మీద నేరం అలాగే ఉంది. మూడుసార్లు చదివావు, నేను నోరు మెదపలేదు."

ఆయన నవ్వుతున్నాడేమోనని బోధికుడు చూశాడు. నవ్వడం లేదు.

బోధికుడు మెల్లగా గురువు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"తేనె తమరు తీశారా?"

"లేదు నాయనా," అంటూ చందముఖుడు చేయి అందుకుని లేచాడు.

"చూడు," అన్నాడు, "అడగడానికి ఎంతసేపు పట్టింది?"