అడవిని తూచిన తక్కెడ

సముద్రుడే స్వయంగా వచ్చి రోజూ రెండుపూటలా కాళ్లు కడిగి వెళ్లే ఒకానొక రాజ్యంలో ధ్వజకేతు మహారాజు ఉండేవాడు. ఆయన తుమ్మితే రేవులో తెరచాపలు పొంగేవి. ఆవులిస్తే గబ్బిలాలు గుహ అనుకొని వచ్చేవి!

అంతటి రాజు సముద్రం వైపు కొత్త మేడ కట్టించాడు. తీరా కిటికీ తెరిస్తే సముద్రం లేదు. బురదలో వేళ్లు పాతుకుని నిలబడ్డ మడ అడవి ఉంది.

"కొట్టించెయ్యండి!" అన్నాడు.

మంత్రి తులాపాణి పొంగిపోయాడు. తూకానికి రానిది లోకంలోనే లేదని ఆయన నమ్మకం. ఎవరన్నా నవ్వితే ఆ నవ్వు ఎన్ని మూరలో చెప్పేవాడు. "కాయ లేదు, కలప లేదు. ఆ అడవి వల్ల మేలు ఇంత అని తూచి చూపే మొనగాడుంటే రమ్మనండి!" అని చాటించాడు.

ఆ చాటింపు విని, అడవి వెనక పల్లెలో పీతలు పట్టుకు బతికే పోలమ్మ తమ్ముడి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. తమ్ముడంటే ఎవరు? రాజుగారి కొలువులో హాస్యగాడు సింగన్న.

"ఒరే సింగా, మొన్న గాలివానకి మా గుడిసెలు నిలిచాయంటే ఆ చెట్ల చలవేరా! అవి పోతే పల్లె ఉప్పునీళ్ల పాలే. రాజు పక్కన పళ్లికిలించడమేనా, ఏమన్నా చేసేదుందా?"

మర్నాడు సింగన్న సభలో లేచాడు. "ప్రభూ, నేను తూస్తాను. తమరి తులాభారం నాడు తక్కెడ మీదే చూపిస్తాను. అప్పటిదాకా అడవి కొట్టేశారనే అనుకుందాం. దాని మేలేదీ మేడలోకి రాకూడదు."

"ఓస్, ఇంతేనా! మాట తప్పితే నా మీసం తీయించుకుంటా!" అన్నాడు రాజు.

"తూచలేకపోతే?" అన్నాడు తులాపాణి.

"మొదటి గొడ్డలి దెబ్బ నా చేతే వేయించండి."

ఆ మధ్యాహ్నమే రాజుగారి విస్తరి బోసిపోయింది. ఆయనకు పూటకు బండిచక్రమంత పీత ఉండాలి.

"నా పీతల ఇగురేదిరా?"

"అవి పుట్టిపెరిగేది మడ వేళ్ల సందున, ప్రభూ. అడవి లేదు గదా!"

"పోనీ పండుగప్ప చేప పులుసు?"

"దాని పిల్లలు పెరిగేదీ అక్కడే."

రొయ్యలు పోయాయి. తేనె పోయింది. "పెరుగన్నా వెయ్యండర్రా!" అని రాజు గర్జిస్తే గోడల సున్నం రాలింది.

"మన గేదెలు మేసేది మడ ఆకు, ప్రభూ. వట్టిపోయాయనుకోండి."

మంచినీళ్లు నోట పోసుకుని "థూ, ఉప్పు!" అన్నాడు రాజు.

"అడవి అడ్డం లేకపోతే సముద్రం బావుల్లోకి చొరబడదూ? నేను గుప్పెడే వేయించాను. సముద్రమైతే ఇంత దయ చూపదు."

మర్నాడు పొద్దున్నే రాజు కిటికీ తెరిస్తే కడవెడు నీళ్లు మొహాన పడ్డాయి. కింద నిచ్చెన మీద సింగన్న. "అల, ప్రభూ! చిన్నదే!"

పైకి నవ్వుతున్నాడు గాని సింగన్నకు ఎటు చూసినా గండమే. రాజు మాట తప్పితే పల్లె పోతుంది. తప్పకపోతే ఆ ఆకలికి ఎవరి తల కొరుకుతాడో! కాని మీసం మీది మమకారం ఆకలిని గెలిచింది.

గంజినీళ్లతో నెల గడిచి తులాభారం రోజు వచ్చింది. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. నిరుడు రాజుకు సరితూగిన రాళ్లను తులాపాణి ముద్రవేసి దాస్తాడు. ఈ ఏడు రాజు పెరిగినంత బెల్లం ఆ రాళ్ల మీద పేర్చి, ఊరికి పంచుతారు. రాజు పెరిగితే రాజ్యం పెరిగినట్టే.

ఈసారి ఒట్టి రాళ్లకే వాటి పళ్లెం దభీమని నేలనంటింది. చిక్కిపోయిన రాజు అటు దూలం దాకా లేచిపోయాడు. దూలం మీది పావురాలు ఎగిరిపోయాయి!

"నా రాళ్లు తప్పవే!" అన్నాడు తులాపాణి, రాళ్ల మీది ముద్రలు తడిమి చూసుకుంటూ.

"తప్పవనే నా ధైర్యమూను. బెల్లం రాజుగారి వైపు వెయ్యండి."

దిమ్మ మీద దిమ్మ వేస్తే తక్కెడ సమానమైంది. "అదిగో, అడవి పెట్టే తిండి!" అన్నాడు సింగన్న.

తులాపాణి తేరుకున్నాడు. "అది తిండి. మరి అడవి ఆపిన గాలివానల మాటేమిటి? అవి తక్కెడెక్కవుగా!"

"ఎక్కి కూర్చున్నాయి, మంత్రిగారూ. ప్రభువులు ఉయ్యాల్లో ఉన్న ఏడు వచ్చిన ఉప్పెనకు పొరుగు రేవులో తాటిచెట్లు మునిగాయి. ఇక్కడ అడవి దాటి ఉయ్యాల దాకా చుక్క నీరు రాలేదు. తగ్గిన బరువు అడవి పెట్టింది. మిగిలిన బరువు అడవి కాచింది."

సింగన్న కళ్లు రాజుగారి మీసం మీదే ఉన్నాయి. మీసం కదిలింది. అదిరింది. రాజు విరగబడి నవ్వితే తక్కెడ ఊగి బెల్లం దిమ్మలు దొర్లాయి.

"ఓరి సింగన్నా! అడవిని తూచడానికి నన్నే పడికట్టు రాయిని చేశావు గదరా!" అని తన బంగారు కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. "ఆ అడవిలో ఒక్క కొమ్మ విరగకూడదు. సముద్రం చూడాలనిపిస్తే పడవెక్కి వెళ్లి చూస్తాను. ముందు మీ అక్కతో పీతలు తెప్పించు!"

బెల్లమంతా పోలమ్మ పల్లెకు వెళ్లింది. ఆ పూట రాజుగారు తిన్న తిండికి, సాయంత్రం మళ్లీ తక్కెడెక్కితే రాళ్ల పళ్లెమే దూలానికి తగిలింది. తులాపాణి మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, పీతల ఇగురు వాసన ఎన్ని మూరలో కొలుస్తూనే ఉన్నాడు.