నూనె తేరే వేళ

అనగనగా, గానుగ ఎద్దులు కూడా మనసులోని మాట పైకి చెప్పుకునే రోజుల్లో, తిలపురం అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరి చుట్టూ ఎటు చూసినా నువ్వు చేలే. ఆ నువ్వులన్నీ ఆడటానికి ఊరికంతటికీ ఒక్కటే గానుగ. ఆ గానుగ తోలేది పేరిందేవి.

పేరిందేవి మొగుడు సూరయ్య తెల్లవారగానే నూనె కావడి భుజాన వేసుకుని ఊళ్ళమ్మట పోయేవాడు. అత్త అంకమ్మ చేటతో నువ్వులు చెరిగేది. గానుగ చుట్టూ తిరిగే ఎద్దు పేరు గున్నడు. కళ్ళు తిరిగి పడిపోకుండా గానుగ ఎద్దుకు గంతలు కడతారు కదా, గున్నడికీ కట్టేవారు.

పేరిందేవికి ఒక తీరని కోరిక ఉండేది.

పుట్టింట్లో ఆమె తల్లి గోడల మీద బొమ్మలు వేసేది. ఈతపుల్ల కొన నమిలితే అదే కుంచె. జేగురు, సున్నం, దీపపు మసి, ఈ మూడే రంగులు. వాటితోనే ఆ తల్లి గోడల మీద నెమళ్ళను నడిపించేది, ఏనుగుల చేత తొండాలు ఎత్తించేది. చిన్నారి పేరిందేవి వేళ్ళు తన వేళ్ళలో పట్టుకుని ఆ గీత నేర్పింది. తరువాత తల్లి కన్ను మూసింది. ఇక ఆ గీత లోకంలో ఒక్క పేరిందేవి చేతిలోనే మిగిలింది.

అత్తింటికి వచ్చి పన్నెండేళ్ళయినా పేరిందేవి ఒక్క బొమ్మా వేయలేదు. నువ్వులు పోస్తున్నా, ఎద్దును అదిలిస్తున్నా, ఆమె వేళ్ళు మాత్రం వాటంతటవే గాలిలో వంకీలు తిరుగుతుండేవి.

"ఏమే, ఈగలు తోలుకుంటున్నావా?" అనేది అంకమ్మ.

"కాదత్తా. కాస్త తీరిక చిక్కనీ, ఈ గోడ నిండా బొమ్మలు వేస్తాను."

"గోడకు బొమ్మలు వేస్తే గానుగ దానంతటది తిరుగుతుందా?" అని అంకమ్మ చేట విదిలించేది.

నువ్వుల పంటకాలం అయిపోతే తీరిక చిక్కుతుందని పేరిందేవి అనుకుంది. నువ్వులు అయిపోయాయి. వాటి వెనుకే ఆముదాలు వచ్చాయి. ఆముదాల వెనుక కొబ్బరి వచ్చింది. కొబ్బరి ఆడేసరికి మళ్ళీ నువ్వులు పండాయి.

మంచి రంగులుంటే మనసు దానంతటదే లేస్తుందని అనుకుంది. దూరదేశపు వర్తకుడు వస్తే, కుండెడు నూనె ఇచ్చి నీలిమందు మూట తీసుకుంది. తీరా చేతికి వచ్చాక, "ఇంత మంచి రంగును ఏదో ఒక బొమ్మకు తగలేస్తానా? గొప్ప బొమ్మ వేసే రోజున వాడతాను" అని అటక మీద దాచింది. ఎలుకలు ఆ మూట కొరికాయి. నెల రోజుల పాటు ఆ ఇంట్లో నీలం ఎలుకలు తిరిగాయి.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారి దండోరా వినిపించింది.

"రాజుగారు బాటసారులకు సత్రం కట్టించారహో! గోడల మీద బొమ్మలు వేయగలవారు రావాలహో! నలభై రోజులు తిండీ బసా రాజుగారివే, వేరే పనేమీ లేదహో!"

పేరిందేవి తోలుతున్న ఎద్దును ఆపేసింది. నలభై రోజులు! వేరే పనేమీ లేదు! సూరయ్య మంచివాడు. "నేను కావడి మాని గానుగ తోలుతాలే, వెళ్ళిరా" అన్నాడు. అంకమ్మ కూడా, "పోనీ, నలభై రోజులు నీ గాలి వంకీలు చూసే బాధ తప్పుతుంది" అంది.

సత్రంలో మూడు పెద్ద గోడలున్నాయి. ఒక గోడ మీద ఒక చిత్రకారుడు ఏనుగునెక్కిన రాజుగారిని వేశాడు. రెండో గోడ మీద ఇంకొకడు రాజుగారి యుద్ధం వేశాడు. మూడో గోడ పేరిందేవిది.

మొదటి పది రోజులూ ఏ గొప్ప బొమ్మ వేయాలా అని ఆలోచించింది. తరువాతి పది రోజులూ నెమలి వేయబోయింది. ఎన్నిసార్లు వేసినా అది గొంతు పిసికిన బాతులాగే వచ్చింది. తుడిచింది, వేసింది, మళ్ళీ తుడిచింది. ఆ పైన కుంచె ముట్టుకోవడమే మానేసింది. పొద్దున లేవడం, తెల్లటి గోడను చూడటం, తల్లిని తలుచుకోవడం, పొద్దుగూకడం.

నలభయ్యో నాడు రాజుగారు వచ్చారు. మూడో గోడ ముందు నిలబడి, "ఏమమ్మా, మా సున్నం నీకు బాగా నచ్చినట్టుందే!" అన్నారు. అందరూ పకపకా నవ్వారు.

పేరిందేవి తల వంచుకుంది. "ఏలినవారూ, ఒంట్లో బాగాలేదని చెప్పవచ్చు, రంగులు మంచివి కావని చెప్పవచ్చు. ఆ రెండూ అబద్ధాలే. మా అమ్మ నేర్పిన గీతను నా చెయ్యి మరిచిపోయింది."

రాజుగారి నవ్వు ఆగిపోయింది. "నిజం చెప్పావు గనుక ఒక ఏడాది గడువిస్తున్నాను. వచ్చే ఏడు ఇదే నెలలో రా. అప్పటికీ నీ చేతికి గీత రాకపోతే ఈ గోడ ఇంకొకరిది" అన్నారు.

పేరిందేవి ఇల్లు చేరింది. మర్నాడు మధ్యాహ్నం నూనె కాగు పక్కన కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. గానుగలో ఆడిన నూనెను పెద్ద కాగులో పోసి, మడ్డి అడుక్కు దిగి నూనె తేరేదాకా కదపకుండా ఉంచాలి. అంతసేపూ ఇంట్లో ఊడవకూడదు, దంచకూడదు, చెరగకూడదు. దుమ్ము లేచిందంటే నూనె చెడినట్టే. ఇంటి కోడలు కాగు దగ్గర కూర్చుని చీమా కాకీ రాకుండా కాయాలి. చూరు కింది ఎండ గడప దాకా పాకే వరకు ఇంకే పనీ ఉండదు. గున్నడి గంతలు కూడా ఆ వేళకే విప్పుతారు. వాడు తెలకపిండి నములుతూ పడుకుంటాడు.

"ఎందుకు తల్లీ ఏడుస్తావు?" అని గున్నడు అడిగాడు.

"తీరిక లేక నా చెయ్యి మొద్దుబారిపోయింది గున్నా."

"మరి ఇప్పుడేం చేస్తున్నావు?"

"నూనె తేరుతోంది కదా, కూర్చున్నాను."

"నిన్న నీ మొగుడు కూర్చున్నాడు. నువ్వు సత్రానికి పోకముందు ఈ వేళకు ఏం చేసేదానివి?"

"పన్నెండేళ్ళుగా ఇలాగే కూర్చున్నాను. ఇదొక తీరికేనా? గోడకు సున్నం పూసేసరికే అయిపోతుంది."

గున్నడు కాసేపు నెమరు వేశాడు. "పొద్దున మన గానుగ ముందు దారిలో ఎవరో పొట్ట పగిలేటట్టు నవ్వుతూ పోయారు. ఎందుకో?"

"ఏమో, నేను చూడలేదు."

"తరువాత ఒక మేక అరిచింది. దాని వెనుక ఒక ముసలాయన ఒకటే తిట్లు. ఏం చేసిందది?"

"చూడలేదు గున్నా."

"ఏదో పిట్ట వచ్చి కాడి మీద వాలింది. దాని రెక్క నా చెవికి తగిలింది. ఏ పిట్ట?"

పేరిందేవి తల అడ్డంగా ఊపింది.

"నా కళ్ళకు గంతలు నువ్వు కట్టావు," అన్నాడు గున్నడు. "నీ కళ్ళకు ఎవరు కట్టారు తల్లీ?"

ఆ మాటకు పేరిందేవి మొహం కందిపోయింది.

"నేను ముసలివాణ్ణయ్యాను," అన్నాడు గున్నడు మళ్ళీ. "నా చుట్టూ ఇంత లోకం నడిచిపోతోంది. చప్పుడు వినడమే కానీ చూసింది లేదు. రోజుకు ఒక్కటి నా కోసం చూసి పెట్టు. ఈ వేళకు నేల మీద గీసి చూపించు. ఎలా ఉన్నా నేనేమీ అనుకోను. ఎద్దును, నాకేం తెలుసు?"

మర్నాడు పేరిందేవి దారి వైపు చూసింది. ఒకావిడ కోడిని చంకలో ఇరికించుకుని పోతోంది. కోడి వెనక్కి తిరిగి తను విడిచిపోతున్న వీధిని చూస్తోంది. మధ్యాహ్నం కాగు పక్కన కూర్చుని, ఎద్దు తిరిగే దారి మీద బొగ్గుతో ఆ కోడిని గీసింది.

"గుమ్మడికాయా?" అన్నాడు గున్నడు.

"కోడి!"

"అలాగా. పాపం, దానికేమయింది?"

పేరిందేవి ఫక్కున నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది.

ఏ రోజు గీసింది ఆ మర్నాడే గున్నడి గిట్టల కింద చెరిగిపోయేది. ఎలాగూ చెరిగేదే కదా అనుకునేసరికి పేరిందేవికి భయం పోయింది. ఇవాళ మేక. రేపు గంప దించుకుని నడుము పట్టుకున్న గాజులామె. ఎల్లుండి బండి కింద నిద్రపోతున్న కుక్క. పొద్దున గానుగ తోలుతున్నంతసేపూ ఆ కళ్ళు వెతుకుతూనే ఉండేవి. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఆ వేళ్ళు తహతహలాడేవి. ఎండ గడప తాకగానే బొగ్గు పక్కన పెట్టి లేచేది.

అంకమ్మ ఒకరోజు వచ్చి వంగి చూసింది. "ఇదెవతే, చేట పట్టుకుంది?"

"నువ్వే అత్తా."

"నా ముక్కు అంత పొడుగా?" అంటూ లోపలికి పోయింది. మర్నాటి నుంచి మాత్రం తల దువ్వుకుని, పైట సర్దుకుని, దారికి ఎదురుగా కూర్చుని చెరగడం మొదలుపెట్టింది.

అలా ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పేరిందేవి నీళ్ళు తాగుతున్న లేగదూడను గీస్తోంది. మెడ నుంచి తోక దాకా ఒక్క ఊపులో గీత వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ ఒంపు తనది కాదు. తన వేళ్ళు పట్టుకుని నడిపించిన తల్లిది.

"అమ్మా," అంది పేరిందేవి, నేలను చూస్తూ. ఎవరూ పలకలేదు. ఆ గీత మాత్రం అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున గున్నడికి గంతలు కట్టబోతే వాడు కదలలేదు. "ఈ దూడను కూడా తొక్కమంటావా తల్లీ?"

పేరిందేవి చాలాసేపు నిలబడింది. ఆ ఒక్క బొమ్మా ఉండిపోతే ఎంత బాగుండునో! గట్టిగా కళ్ళు తుడుచుకుంది. "తొక్కు గున్నా. ఆ గీతను ఇవాళ మళ్ళీ రప్పించుకుంటాను."

గున్నడు మెల్లగా, ఎంతో మెల్లగా అడుగు వేశాడు.

ఏడాది నిండింది. పేరిందేవి సత్రానికి బయలుదేరింది. "కాగు దగ్గర నేను కూర్చుంటాలే, నువ్వు పో" అంది అంకమ్మ. గున్నడు అప్పటికి లేవలేకపోతున్నాడు, గానుగకు కొత్త ఎద్దు వచ్చింది. "నేను రాలేను. నేను చూడవలసినవి చూశాను. ఆ సత్రానికి వచ్చేవాళ్ళకు కూడా చూపించు" అన్నాడు.

తొమ్మిది రోజుల్లో మూడో గోడ నిండింది. కోడి పోతోంది, కుక్క నిద్రపోతోంది, గాజులామె నడుము పట్టుకుంది, అంకమ్మ చెరుగుతోంది, దూడ నీళ్ళు తాగుతోంది. ఊరి దారి అంతా గోడ మీద నడిచింది.

రాజుగారు వచ్చేసరికి సత్రం నిండా బాటసారులు. మొదటి రెండు గోడలకు మూటలు ఆనించి పడుకున్నారు. మూడో గోడ ముందు మాత్రం కూర్చుని చూస్తున్నారు. ఒక ముసలామె ఆ దూడను ముట్టుకుని, "మా ఇంట్లోదే, అచ్చం మా ఇంట్లోదే" అని కళ్ళు ఒత్తుకుంటోంది.

రాజుగారు చాలాసేపు చూశారు. "ఇందులో దేవుళ్ళు లేరేం?" అని అడిగారు.

"ఈ నడిచేవాళ్ళలో ఎవరు దేవుడో నాకు తెలియదు ఏలినవారూ. అందుకే ఎవరినీ వదల్లేదు."

"నీలం రంగు లేదేం?"

"ఎలుకలు వాడేసుకున్నాయి ఏలినవారూ."

"సరే, మరి నేనెక్కడ?"

పేరిందేవి చేతులు జోడించింది. "మీరు మా గానుగ వైపు ఒక్కసారీ రాలేదు మహారాజా."

రాజుగారు ఆమె వంక చూశారు, గోడ వంక చూశారు. తరువాత గోడకు ఎదురుగా బాటసారుల మధ్య నేల మీద కూర్చున్నారు. "అమ్మా, కోటకు వచ్చెయ్యి. ఇక నీకు బతుకంతా తీరికే" అన్నారు.

పేరిందేవి మనసు ఒక్క క్షణం అటు లాగింది. ఆ వెంటనే తెల్లటి గోడ ముందు గడిపిన నలభై రోజులు గుర్తుకు వచ్చాయి. "అంత తీరికను నేను మోయలేను ఏలినవారూ. మా ఇంట్లో నూనె తేరేంత వేళ చాలు. ఆ కాసేపూ నన్నెవరూ కదపకుండా ఉంటే అదే నాకు బహుమానం."

రాజుగారు అలాగే దండోరా వేయించారు. ఆ వేళకు తిలపురంలో ఎవరూ పేరిందేవిని పిలిచేవారు కారు. ఆమె తల నెరిసేదాకా రోజూ ఆ కాసేపు గీస్తూనే ఉంది. చూసింది ఎంత గీసినా, గీయవలసింది ఇంకా మిగిలే ఉండేది. ఆ ఆరాటం ఆమెను విడవలేదు, ఆమె కూడా దాన్ని విడవలేదు.

కనుక పిల్లలూ, మనసైన విద్యకు తీరిక ఎక్కడి నుంచో నడిచి రాదు. ఉన్న కాసింత వేళను రోజూ దానికిచ్చి, కళ్ళ ముందున్నదాన్ని కళ్ళారా చూసేవారి చేతిలోనే విద్య నిలుస్తుంది.